దిష్టి బెత్తెడు

బిర్ రగ్బా ఊళ్ళో ఎవరినైనా "మీ తోట ఎలా ఉంది?" అని అడిగి చూడండి. ఖర్జూరం గెలల బరువుకి మట్టలు వంగిపోతున్నా సరే, "ఏం తోటలే, ఏదో దేవుడి దయ" అని నిట్టూరుస్తారు. మేక రెండు పిల్లల్ని ఈనితే ఒకదాన్ని గంప కింద దాస్తారు. కొత్త కోడలు చక్కగా ఉందని ఎవరైనా అనబోతే, అత్తగారు మధ్యలోనే అందుకుని నిద్రలో గురక పెడుతుందని చెప్పి కోడల్ని కాపాడుకుంటుంది. మంచిని మంచి అని పైకి అన్నారంటే దానికి కన్ను తగిలి తీరుతుందని ఆ ఊరివాళ్ళ గట్టి నమ్మకం. ఇసుక దిబ్బలు దాటి సరిహద్దు అవతల అల్జీరియాలోకి వెళ్ళినా ఇదే తంతు. నేలను రెండు దేశాలు చేశారు గానీ, దిష్టిని పంచడం ఏ ప్రభుత్వానికీ చేతకాలేదు.

అలాంటి ఊళ్ళో, ఉన్నది ఉన్నట్టు చెప్పే ఉద్యోగం ఒకటి తెచ్చి బెల్గాసిం చేతిలో పెట్టారు. పెట్టినవాళ్ళు రాజధాని ట్యూనిస్ నుంచి వచ్చినవాళ్ళు. పాపం, వాళ్ళకేం తెలుసు.

ఉద్యోగం పెద్ద కష్టమైనదేమీ కాదు. ఊరి చివర ఇసుకలో నడుమెత్తు ఇనుప గొట్టం ఒకటి దింపి, దానికి మూత పెట్టి, మూతకు తాళం వేశారు. అది నీళ్ళు తోడుకోవడానికి కాదు, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూసుకోవడానికి. నెలకోసారి తాళం తీసి పొడవాటి టేపును లోపలికి వదలాలి. టేపు కొస నీటికి తగలగానే పైన చుట్టలోంచి కూత వినిపిస్తుంది. ఎంత లోతున కూసిందో ఫోన్లో చెప్పాలి. ఇక్కడి నేల కింద నీళ్ళూ, అవతల దేశం నేల కింద నీళ్ళూ ఒక్కటే. ఇక్కడ తోడితే అక్కడ తగ్గుతాయి, అక్కడ తోడితే ఇక్కడ తగ్గుతాయి. అందుకని రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఒక ఉమ్మడి సంఘం పెట్టుకున్నాయి. చెరో వైపు ఒక గొట్టం, ఒక మనిషి. నీళ్ళు ఒప్పందంలో గీసుకున్న ఎర్ర గీత కంటే కిందికి దిగితే, ఆ వేసవికి రెండు ఊళ్ళ పెద్ద బోర్లూ మూసెయ్యాలి.

ఊరివాళ్ళకి ఈ ఏర్పాటు చూసి నవ్వాగలేదు. తాగడానికి పనికిరాని బావికి తాళమూ, ఆ తాళానికి ఒక మొగుడూ అన్నారు. పక్క తోట ఖ్లీఫా మాత్రం, ఏ బావైనా బావే కదా అని, ఒంటె పుర్రె ఒకటి తెచ్చి దిష్టి తగలకుండా గొట్టానికి వేలాడదీశాడు.

అవతలి గొట్టం దగ్గరున్న మనిషి పరాయివాడేమీ కాదు. హాసీ రిమ్తా ఊరి తిజానీ. బెల్గాసిం తల్లి ఆ ఊరి ఆడపడుచు. తిజానీ ఆమె అన్న కొడుకు, అంటే బెల్గాసింకి వరసకి బావ. చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ అన్నింట్లోనూ పోటీయే. మిగతా లోకంలో బావలు గొప్పలు చెప్పుకోవడంలో పోటీ పడతారు. వీళ్ళు కష్టాలు చెప్పుకోవడంలో పోటీ పడేవారు. ఒకడికి పన్ను నొప్పంటే రెండోవాడికి దవడ వాచేది.

మొదటి నెల బెల్గాసిం బుద్ధిగా టేపు వదిలి చూశాడు. చలికాలం, తోడకం తక్కువ, నీళ్ళు నాలుగు వేళ్ళు పైకొచ్చి ఉన్నాయి. ట్యూనిస్‌లో ఉన్న ఇంజినీరు ఇన్సాఫ్‌కి అదే మాట చెప్పాడు, అదీ ఫోన్లో అలవాటు చొప్పున అరుస్తూ. ఆ వారంలోనే పాలిచ్చే మేక కాలవలో పడి చచ్చింది. బెల్గాసిం భార్య మహ్బూబా మేకను చూసింది, మొగుణ్ణి చూసింది. నీళ్ళు బాగున్నాయని ఊరంతా వినేలా అరిచినవాడి ఇంట్లో మేక ఎందుకు బతుకుతుందని అడిగింది. 

తరవాతి నెల నుంచి అతను కొలిచిన లోతుకి ఒక బెత్తెడు కలిపి చెప్పడం మొదలుపెట్టాడు. పసిబిడ్డ బుగ్గన నల్లచుక్క పెట్టినట్టే కదా, ఇందులో అబద్ధమేముంది అనుకున్నాడు. అయినా మనసు పీకి, మసీదు ఇమాం దగ్గరికి వెళ్ళి నీటి విషయంలో కాస్త అటూఇటూగా చెప్పవచ్చా అని అడగబోయాడు. మాట కలపడానికి ముందు మీ తోట ఎలా ఉందని పలకరించాడు. ఇమాంగారు, "ఏం తోటలే" అని నిట్టూర్చారు. ఆయన తోట ఊళ్ళో అందరి తోటల కంటే పచ్చగా ఉంటుంది. బెల్గాసిం ఇంక అడగకుండానే జవాబు దొరికిందని ఇంటికి వచ్చేశాడు.

బెత్తెడు బెత్తెడుగానే ఉండిపోతే కథే లేదు. ఒకరోజు తిజానీ ఫోన్ చేసి నీళ్ళెలా ఉన్నాయన్నాడు. బెత్తెడు దిగాయని బెల్గాసిం చెప్పాడు. బెత్తెడేనా, పెట్టిపుట్టావు బావా, మా వైపు జానెడు దిగాయి అని తిజానీ దీర్ఘం తీశాడు. అతనూ నల్లచుక్క పెట్టే రకమే అని బెల్గాసింకి అర్థమైంది, కానీ బావ దగ్గర ఏడుపులో ఓడిపోవడం ఎలా. పై నెల తను జానెడున్నర చెప్పాడు. ఆ పై నెల తిజానీ మూరెడు చెప్పాడు. రెండు వైపుల నుంచీ వచ్చే అంకెలు ఇంత చక్కగా సరిపోతున్నందుకు ఇన్సాఫ్ ఇద్దరినీ మెచ్చుకుంది.

రంజాను వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఉపవాసంతో నీరసంగా ఉన్న బెల్గాసిం టేపు చుట్ట వైపు చూశాడు. అది బరువు. పైగా ఎలాగూ కలిపి చెప్పేదానికి దించి చూడడమెందుకు? కిందటి నెల అంకె మీద ఒక జానెడు వేసి ఫోన్లో చెప్పేశాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఆ తరవాత టేపు చుట్ట అటక దిగలేదు. నెలనెలా ఫోను మాత్రం క్రమం తప్పలేదు.

ఊరివాళ్ళు వెర్రివాళ్ళు కాదు. వాళ్ళలో పుట్టి పెరిగినవాడు నీళ్ళు దిగిపోతున్నాయని మొహం వేలాడేసుకుని చెబుతుంటే, వాళ్ళకి వినిపించింది వేరు. కాఫీ కొట్టు దగ్గర అతను వెళ్ళగానే కన్ను గీటుకునేవారు. అందరూ తలా నాలుగు మడులు పెంచారు. ఖ్లీఫా తోట మూల సొంతంగా ఒక బోరు వేయించి, దాని మీద ఎండు మట్టలు కప్పి, చుట్టూ పుచ్చకాయలు పెట్టాడు. అవతల హాసీ రిమ్తాలో బంగాళాదుంప మళ్ళు దిబ్బల మీదికి ఎక్కాయి. మహ్బూబా మాత్రం తక్కువ తిన్నదా? తండ్రి వాటాగా వచ్చిన ముక్కలో ఆమె ఏళ్ళ కిందట మేలు రకం దెగ్లా ఖర్జూరం పిలకలు నాటి, కన్నబిడ్డల్లా పెంచింది. ఈ ఏడే వాటికి తొలికాపు. పచ్చి గెలలు దిగాయి. వాటికి ఇంకో తడి ఎక్కువే ఇప్పించుకుంది. వేసవంతా నీళ్ళు అందితేనే ఆ కాయ పండవుతుంది, లేకపోతే రాలిపోతుంది.

సరిగ్గా అప్పుడు ఇన్సాఫ్ ఫోన్ చేసింది. రెండు వైపులా చెప్పిన లోతు ఎర్ర గీత దాటిందని, వచ్చే వారం రెండు దేశాల వాళ్ళం కలిసి వచ్చి రెండు గొట్టాలూ కొలుస్తామని, అది నిజమని తేలితే వేసవి పొడుగునా పెద్ద బోర్లు మూసెయ్యక తప్పదని చెప్పింది. ఆ పిల్ల గొంతులో నిజమైన బాధ ఉంది. వార్త ఊరంతా పాకింది. కాఫీ కొట్టు దగ్గర ఆ పూట ఎవరూ కన్ను గీటుకోలేదు.

బెల్గాసింకి కాసేపటికి కాస్త ధైర్యం వచ్చింది. గీత దాటింది తన నోటి మాటే గానీ నీళ్ళు కాదు కదా. కొలిస్తే నిజం బయటపడుతుంది, బోరు బతుకుతుంది. పోయేది తన పరువు, బహుశా ఉద్యోగం. రాత్రి భోజనం దగ్గర మహ్బూబాకి అంతా చెప్పాడు, టేపు దించని సంగతి తప్ప.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. అట్టాగుంది నీ యవ్వారం," అంది మహ్బూబా. "బెత్తెళ్ళు కలిపినోడివి నువ్వే కదా, నువ్వే తీసెయ్యి. ఊరందరి ముందర సెప్పు."

"నీళ్ళు బాగున్నాయని అందరి ముందర నా నోటితో అనమంటావా? మేక సంగతి మర్సిపోయావా?"

"మేక పోతే మేకొస్తది. నా గెలలు రాలినాయంటే మాత్రం నువ్వు ఆ గొట్టం కాడే పడుకో."

పక్కమీదికి వెళ్ళే ముందు తిజానీకి ఫోన్ చేశాడు. అవతల చాలాసేపు దగ్గు వినిపించింది. ఆఖరికి తిజానీ, తనూ కలిపాననీ, బావ జానెడున్నర చెప్పాక పోటీకొద్దీ ఎక్కువే కలిపాననీ ఒప్పుకున్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. జీవితంలో మొదటిసారి ఇద్దరూ కలిసి ఒక శుభవార్త చెప్పుకున్నారు.

మర్నాడు సాయంత్రం అస్ర్ నమాజు కాగానే మసీదు ముందు బెల్గాసిం నిలబడి గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు బాగానే ఉన్నాయని, తను దిష్టి కోసం కలిపి చెప్పానని, భయపడొద్దని అన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు చప్పున ఐదు వేళ్ళూ చాపి ఆ మాటకి అడ్డం పెట్టారు. ఒకాయన మెల్లగా ఉమ్మాడు. ఆపైన ఖ్లీఫా నవ్వడం మొదలుపెట్టాడు.

"కొత్త సంగతి సెప్పావులేవయ్యా. నువ్వు సెప్పినదాంట్లో సగం దిష్టేనని మాకు తెలీదా? అది తెలిసే కదా నేను బోరేసింది. నేనే కాదు, వీళ్ళందరూనూ."

అందరూ గొల్లున నవ్వారు. బెల్గాసిం కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. అందరూనూ అన్న మాట చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఇంటికి వెళ్ళి అటక మీది టేపు చుట్ట దించి, దుమ్ము దులిపి, మళ్ళీ అటక మీదే పెట్టాడు. వెళ్ళి చూడడానికి ధైర్యం చాలలేదు. ఎలాగూ వాళ్ళు వచ్చి కొలుస్తారు కదా అనుకున్నాడు.

ఊరు మాత్రం పండగ చేసుకుంది. కొలిచేవాళ్ళు వచ్చే రోజు మేకపోతుని కోసి గోధుమనూకతో కుస్కుస్ వండారు. మహ్బూబా ఇంట్లో పెద్ద పళ్ళెం సిద్ధమైంది. అవతలి దేశం ఇంజినీరుతో కలిసి తిజానీ సరిహద్దు దాటి వచ్చి, బావని కౌగిలించుకుని, చిక్కిపోయావని పరామర్శించాడు. గొట్టం చుట్టూ ఊరంతా చేరింది. ఇన్సాఫ్ టేపు మీద ఎర్ర గీత ఉండాల్సిన చోట ఒక దారం కట్టి, లోపలికి వదలడం మొదలుపెట్టింది.

తను ఆఖరుసారి నిజంగా దించినప్పుడు ఎక్కడ కూసిందో బెల్గాసింకి బాగా గుర్తు. ఆ గుర్తు మూతి దగ్గరికి వచ్చింది, లోపలికి వెళ్ళింది, కూత లేదు. సరే, కాస్త దిగి ఉంటాయి అనుకున్నాడు. టేపు దిగుతూనే ఉంది. ఎర్ర దారం ఇన్సాఫ్ వేళ్ళ మధ్య నుంచి జారి గొట్టంలోకి పోయింది. నవ్వుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆపారు. కిందటి నెల అతను నోటికొచ్చినట్టు చెప్పిన అంకె వచ్చింది. ఇక్కడైనా కూయమని బెల్గాసిం లోపల్లోపల వేడుకున్నాడు. తన అబద్ధమైనా నిజం కావాలని మొక్కుకోవాల్సిన గతి ఏ మనిషికీ రాకూడదు. టేపు ఆ అంకెను కూడా దాటి, ఇంకా మూరెడు దిగి, అప్పుడు కూసింది.

ఇన్సాఫ్ టేపు పైకి చుట్టి, మళ్ళీ వదిలి, మళ్ళీ కొలిచింది. అదే చోట కూసింది. ఆమె బెల్గాసిం వైపు తిరిగింది.

"బాబాయ్, ఆఖరుసారి టేపు ఎప్పుడు దించారు?"

"రంజానుకి ముందమ్మా."

"రంజానులోనే తెలిసుంటే రోజు విడిచి రోజు ఆపితే సరిపోయేది బాబాయ్. ఇప్పుడు వేసవంతా ఆపాలి." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తిజానీ నేల చూపులు చూస్తున్నాడు. అతని చుట్ట ఎప్పటి నుంచి అటక మీదుందో ఎవరూ అడగనక్కర్లేకపోయింది. మధ్యాహ్నం, అవతలి గొట్టం దగ్గరికి వెళ్ళిన రెండు దేశాల మనుషుల నుంచి, అక్కడా టేపు అంతే లోతున కూసిందని ఫోనొచ్చింది.

వండిన అన్నం కాదనకూడదు కాబట్టి అందరూ కూర్చుని తిన్నారు. మహ్బూబా అందరికీ వడ్డించింది. మొగుడి వైపు మంచి మాంసం ముక్క కూడా తోసింది. పెళ్ళైనప్పటి నుంచీ ఆమె మాటలకి భయపడుతూ వచ్చిన బెల్గాసింకి, ఆమె మౌనం ముందు ఆ మాటలు ఎంత చల్లనివో ఆ పూట తెలిసింది. సాయంత్రం ఆమె కొడవలి తీసుకుని తన తోటకి వెళ్ళింది. కాయని, చెట్టుని రెంటినీ మోసే నీళ్ళు ఉండవు. చెట్టయినా బతకాలంటే కాయ తీసెయ్యాలి. ఆమె నిచ్చెన వేసుకుని పచ్చి గెలలు ఒక్కొక్కటే కోస్తుంటే, బెల్గాసిం కింద నిలబడి అందుకుని మేకల ముందు వేశాడు. ఖ్లీఫా కూడా ఆ సాయంత్రమే మట్టలు తీసేసి, తన బోరు మూతికి తనే సిమెంటు పట్టించాడు. పుచ్చకాయల జోలికి ఎవరూ వెళ్ళలేదు.

ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. ఎవరి బోరు వాళ్ళు మూసుకుంటే పక్కవాడికి నమ్మకం ఉండదు. అందుకని ఇవతలి బోరు అవతలి మనిషీ, అవతలి బోరు ఇవతలి మనిషీ మూయాలి. మర్నాడు పొద్దున బిర్ రగ్బా పెద్ద బోరు చక్రాన్ని తిజానీ తిప్పాడు. తలెత్తకుండా తిప్పాడు, చెమట తుడుచుకునే నెపంతో మొహం మీద తలగుడ్డ కప్పుకున్నాడు. ఆ తరవాత అందరూ రెండు జీపుల్లో సరిహద్దు చౌకీ దాటి హాసీ రిమ్తాకి వెళ్ళారు.

అక్కడ కూడా ఊరంతా బోరు దగ్గరే ఉంది. ఆడవాళ్ళు కడవలు, డబ్బాలు, చేతికందిందల్లా నింపుకుని పక్కకి తప్పుకున్నారు. బంగాళాదుంప మళ్ళ వైపు నీళ్ళు ఇంకా పారుతున్నాయి. చిన్నప్పుడు బెల్గాసింతో పాటు ఈ ఊరి కాలవలో మునిగి అత్త చేత దెబ్బలు తిన్న మనుషులే, వాళ్ళ పిల్లలే, ఇప్పుడు అతని చేతుల వైపు చూస్తున్నారు. ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తాగాడు.

చక్రం మీద చెయ్యి వేసి సగం తిప్పాడు. కాలవలో చప్పుడు పలచబడింది. ఇంకో చుట్టు తిప్పాల్సిన చెయ్యి కదల్లేదు. సొంత ఊరి నీళ్ళు పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఇన్సాఫ్ తల పక్కకి తిప్పుకుంది. అవతలి ఇంజినీరు చేతి గడియారం చూసుకున్నాడు, తొందరపెట్టలేదు.

తిజానీ తల్లి హద్దా, బెల్గాసిం అత్త, గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉంది. కళ్ళు రెండూ పొరలు కమ్మి ఏళ్ళయింది. నీళ్ళ చప్పుడు తగ్గడం విని చెవి అటు పెట్టింది.

"ఎవర్రా మన నీళ్ళు కట్టేత్తంది? పైదేశపోళ్ళా?"

"కాదమ్మా," అన్నాడు తిజానీ. "మనోడే. బెల్గాసిం."

ముసలామె మొహం చక్రం వైపు తిప్పింది.

"అయితే గట్టిగా తిప్పమను. వాడి నీళ్ళు కూడా అయ్యేగా."

బెల్గాసిం కళ్ళు తుడుచుకుని, చక్రాన్ని చివరిదాకా తిప్పాడు.